లోకవ్యవహారముల చదువు – మన బాలికలు

దేశదేశముల నడుమ జరుగు వ్యవహారములు రాయబారులకును మంత్రులకును సంబంధించినవే కాని, పొయ్యిముందు కూర్చుండు ఇల్లాలికి వానితో నేమి పనియని తలచువారు నేటికిని మన గృహములలో గలరు. 2022 వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో రష్యా సేనలు యుక్రెయిను దేశముపై దండెత్తినపుడు మన యంగళ్లలో పొద్దుతిరుగుడు నూనె వెల యెట్లు పెరిగినదో సోదరీమణులు మఱచియుండరు. ఆ నూనెలో పెద్దభాగము నల్లసముద్రపు రేవులనుండి యోడలమీద మనకు వచ్చుచుండెడిది. ఆ రేవులకు రాకపోకలు నిలిచిపోగనే మన వంటిండ్లలో మూకుడున పోయు నూనెకు గూడ కొలత తగ్గినది. ఎన్నడును పేరైన వినని యొక రేవు మన సంసారపు లెక్కలను మార్చివేసినది. కావున లోకవ్యవహారములు మన గడపవద్ద ఆగిపోవునవి కావు. ఇట్టి సంగతులకు గల కారణములను శాస్త్రీయముగా విచారించు చదువొకటి గలదు. దానినిగూర్చియు, అందు మన బాలికలకుగల యవకాశములనుగూర్చియు ఈ మాసమున కొంత విన్నవింపదలచితిమి.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది కాదు. రాజ్యములెప్పుడు యుద్ధమునకు దిగును, ఎప్పుడు సంధి చేసికొనును అను ప్రశ్నలు కౌటిల్యుని యర్థశాస్త్రమునందే విచారింపబడినను, విశ్వవిద్యాలయములలో నిది ప్రత్యేకశాస్త్రముగా నిలిచినది మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటనే. లక్షలకొలది యువకులు నేలగూలిన యా ఘోరము మరల రాకుండుటకు మార్గమేమని పెద్దలాలోచించిరి. 1919 లో వేల్సు దేశమున అబెరిస్ట్విత్ అను పట్టణమందలి కళాశాలలో అంతర్జాతీయ రాజనీతికి మొట్టమొదటి ఆచార్యపీఠము స్థాపింపబడినది. అందులకు ధనమిచ్చినవారు డేవిడ్ డేవిస్ అను ధనికుడును, ఆయన చెల్లెండ్రిద్దఱును. యుద్ధమువలన కడుపుకోత యనుభవించువారు తల్లులే గదా! శాంతిని వెదకు చదువునకు స్త్రీల సొమ్ము పునాదియగుట తగియే యున్నది. 1927 లో జెనీవానగరమున నిట్టి విద్యాలయము మఱియొకటి వెలసినది.

మన దేశమున నీ విద్యకు బీజము స్వాతంత్ర్యమునకు ముందే నాటబడినది. 1943 లో ప్రపంచవ్యవహారముల భారతమండలి యేర్పడెను. 1947 మార్చి నెలలో, స్వరాజ్యమింకను చేతికి రాకమునుపే, ఆ మండలి ఢిల్లీలోని పురానా కిల్లాయందు ఆసియా దేశముల మహాసభను సమకూర్చెను. దానికి అధ్యక్షత వహించినవారు మన హైదరాబాదున జన్మించిన శ్రీమతి సరోజినీ నాయుడుగారు. పిదప 1955 లో, మండలి భవనమైన సప్రూ హౌసునందు అంతర్జాతీయ విద్యలకొక ప్రత్యేక విద్యాలయము నెలకొల్పబడినది. ఆచార్య అప్పాదొరైగారు దానికి తొలి సంచాలకులు. 1970 లో ఆ విద్యాలయము జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున చేరినది. నేటికిని ఈ శాస్త్రమునందు పట్టభద్రులైనవారు పై చదువు చదువదలచినచో మొదట స్మరించు స్థానములలో నిది యొకటి.

ఈ విశ్వవిద్యాలయము ఢిల్లీనగరపు దక్షిణభాగమున, ఆరావళి కొండల రాతినేలపై, చెట్ల నడుమ నున్నది. ఇచ్చటి వసతిగృహములకు మన దేశపు నదుల పేర్లు పెట్టినారు. ఆడపిల్లలుండు గృహములలో నొకదానికి గోదావరియని పేరు. రాజమహేంద్రవరమునుండియో భద్రాచలమునుండియో వేయి మైళ్లు ప్రయాణముచేసి వచ్చిన మన పిల్లకు ఆ ద్వారముపై తన యేటి పేరు కనబడుటకంటె చల్లని పలుకరింపు వేఱొకటి యుండునా? రాజధానీనగరమున చదువుటవలన లాభము మఱియొకటి గలదు. విదేశముల రాయబారుల నివాసములున్న చాణక్యపురి యిచ్చటికి దూరము గాదు. పార్లమెంటు అదే నగరమున నున్నది. అన్నిదేశముల పండితులును, రాయబారులును వచ్చి యుపన్యసించుచుందురు. ఉదయము పుస్తకమున చదివిన సంగతిని సాయంకాలము దానిలో పాల్గొన్నవారి నోటనే వినుట యిట్టి పట్టణమున గాని సాధ్యము గాదు.

ఎం.ఏ. చదువు రెండు సంవత్సరములు. ప్రవేశము జాతీయస్థాయిలో జరుగు పరీక్షవలన లభించును. బి.ఏ.లో ఈ విషయమునే చదివియుండవలయునను నియమము లేదు. దేశముల బలాబలములు, అంతర్జాతీయ న్యాయశాస్త్రము, ఐక్యరాజ్యసమితి నిర్మాణము, వర్తకము, ధనశాస్త్రము, భారతదేశపు విదేశాంగనీతి మున్నగునవి పాఠ్యవిషయములు. ఇదిగాక పశ్చిమాసియా, ఆఫ్రికా, తూర్పు ఆసియా, రష్యా, ఐరోపా మొదలగు ఒక్కొక్క భూభాగమునుగూర్చి శోధించుటకు వేర్వేరు కేంద్రములున్నవి. చీనా, అరబ్బీ, రష్యను, ఫ్రెంచి వంటి భాషలను బోధించు విభాగము ఆ యావరణముననే గలదు. వల్లెవేయుట యిచ్చట చెల్లదు. విద్యార్థిని యొక ప్రశ్నను తీసికొని, గ్రంథములను తిరుగవేసి, తన యభిప్రాయమును వ్యాసముగా వ్రాసి, తోడివారియెదుట నిలిచి దానిని సమర్థింపవలయును.

అట్టి ప్రశ్న యెట్లుండునో మన యూళ్ల సంగతినే తీసికొని చెప్పుదుము. గోదావరి మండలములనుండియు కడపసీమనుండియు ఎందఱో స్త్రీలు ఇంటిపనులకై కువైటు మొదలగు దేశములకు పోవుచున్నారు. అచ్చట పనికి పిలిపించిన యజమానియే ఆమె యునికికి పూచీదారు. అతని యనుమతి లేనిదే వేఱొకచోట పనికి కుదురుకొననీయని యీ పద్ధతికి కఫాలా యని పేరు. జీతమీయక, ఊరికి పంపక బాధించినచో ఆమె ఎవరితో మొఱపెట్టుకొనవలయును? ఆ దేశపు న్యాయస్థానమా, మన రాయబార కార్యాలయమా, పంపిన దళారియా? 2011 లో జెనీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థవారు ఇంటిపనివారి హక్కులకై 189 వ ఒడంబడికను చేసిరి. వారమునకొకనాడు విశ్రాంతియు, వ్రాతపూర్వకమైన షరతులును అందులోనివే. కాని యొడంబడికను ధ్రువపఱచిన దేశములే దానికి కట్టుబడును. మన దేశమింకను దానిని ధ్రువపఱుపలేదు.

మఱియొక చిక్కు గలదు. అట్టి దేశములకు ఇంటిపనికై పోవు స్త్రీకి ముప్పది యేండ్లు నిండవలయునని మన ప్రభుత్వము నియమించినది. ఇది వారిని కాపాడుటకే. అయినను ఇంట అప్పులు పీడించు చిన్నవయసు స్త్రీ ఆగునా? దొంగదారిని దళారులవెంట పోవును. అప్పుడామె పేరు ఏ పుస్తకమునందును లేనందున ఆపదలో ఆదుకొనుట మఱింత కష్టమగును. రక్షణకై చేసిన నియమమే రక్షణను దూరము చేయుచున్నదా? తొలగించినచో నేమగును? ఈ ప్రశ్నకు సులభమైన యుత్తరము లేదు. ఇట్టివానిని రెండువైపులనుండి తూచి చూచుటయే ఈ విద్యయొక్క సారము. కువైటునుండి వచ్చిన తల్లి మాటలను పెరటిలో కూర్చుండి వినిన పిల్ల యీ చదువు చదివినచో, గ్రంథములు మాత్రమే యెఱిగినవారికి తోచని యంశములామెకు తోచునని మా నమ్మకము.

స్త్రీలీ రంగమున ప్రవేశించినందున లోకమునకు కలిగిన మేలు కొంచెము గాదు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటనము సిద్ధమగుచుండగా, పురుషులందఱు సమానులని యర్థమిచ్చు ఆంగ్లపదములను మార్పించి, మానవులందఱు అని వ్రాయించినవారు మన దేశప్రతినిధియగు శ్రీమతి హంసా మెహతాగారు. 1948 లో ఆ ప్రకటనము ఆ రూపముననే యామోదింపబడినది. 1953 లో శ్రీమతి విజయలక్ష్మీ పండిట్‌గారు సమితి మహాసభకు తొలి స్త్రీ యధ్యక్షురాలైరి. ఆ యేటనే రాజమహేంద్రవరమున పుట్టిన మన దుర్గాబాయిగారు చీనాదేశమునకు పోయి, అచ్చటి కుటుంబన్యాయస్థానములను చూచివచ్చి, మనకును అట్టివి కావలయునని చెప్పిరి. 1984 లో అందులకు చట్టము వచ్చినది. పరదేశమున చూచిన మంచిని స్వదేశమునకు తెచ్చుట యన నిదియే గదా!

అయినను దారి సుగమముగా లేకుండెను. కొడగుసీమకు చెందిన సి. బి. ముత్తమ్మగారు 1949 లో విదేశాంగసేవలో చేరిన మొదటి స్త్రీ. పెండ్లియాడదలచిన స్త్రీ ముందుగా ప్రభుత్వమువారి యనుమతి పొందవలయుననియు, సంసారభారము పనికడ్డువచ్చునని తోచినచో ఆమెను రాజీనామా యిమ్మని కోరవచ్చుననియు నాటి నిబంధనలలో నుండెను. పురుషులకట్టి నిబంధన లేదు. తనకు రావలసిన పదోన్నతి రానందున ఆమె సుప్రీంకోర్టు నాశ్రయించిరి. వ్యవహారము నడచుచుండగనే పదోన్నతి యీయబడుటచే కోర్టువారు అర్జీని ముగించినను, 1979 లో న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు ఆ నిబంధనలను గట్టిగా నిరసించి, వివక్షను తొలగింపుమని ప్రభుత్వమునకు చెప్పిరి. 2001 లో చొకిలా అయ్యరుగారు విదేశాంగ కార్యదర్శి పదవి నధిష్ఠించిన తొలి స్త్రీయైరి. ఒక్కతె నిలిచి యడిగినందున తరువాతివారికి త్రోవ యేర్పడినది.

ఇక తల్లులు మమ్మడుగు ప్రశ్నలకు వత్తము. ఈ చదువువలన ఉద్యోగము తప్పక దొరకునా? దొరకునని మేము చెప్పజాలము. విదేశాంగసేవకు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషను పరీక్ష వేఱుగా నెగ్గవలయును. ఏ విషయమున పట్టము పొందినవారైనను దానికి కూర్చుండవచ్చును. కాని అధ్యాపకత్వము, పత్రికారచన, పరిశోధన, వర్తకసంస్థలు, వలసపోయినవారికై పాటుపడు సంఘములు – వీనియందు ఈ విద్యకు విలువ గలదు. ఖర్చు మాట యన్నచో, ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చదువు మధ్యతరగతి సంసారములకు మోయదగినదే. పరదేశములలో ఇదే చదువునకు లక్షలు వ్యయమగును గాన, అప్పుచేసి పంపువారు తీర్చు దారిని ముందే యాలోచించుకొనుట మంచిది.

పెండ్లి మాటేమని యడుగుదురు. రెండేండ్ల చదువు పెండ్లికి శత్రువు గాదు. పిల్లను దూరము పంపుటకు భయమందురు. మగపిల్లవానిని అంతదూరము పంపునపుడును మనకు భయముండును, అయినను పంపుచున్నాము. ఆ ధైర్యమునే కూతునియెడలను చూపవలయునని మా మనవి.

ఈ విద్యకు తొలిపాఠము ఇంటనే చెప్పవచ్చును. గోడమీద ప్రపంచపటమొకటి వ్రేలాడదీయుడు. పప్పు, నూనె, పెట్రోలు, బంగారము ఎచ్చటినుండి వచ్చుచున్నవో పిల్లలచేత దానిలో చూపింపుడు. పరదేశమున నున్న బంధువుల యుత్తరమో, ఫోనుమాటయో వచ్చినపుడు అచ్చటి పనిపాటలెట్టివని యడుగుడు. ఆంగ్లముతోపాటు మఱియొక విదేశభాషను నేర్చుకొన కోరిక గలిగినచో ప్రోత్సహింపుడు. అట్లు పెరిగిన పిల్ల ఢిల్లీకి పోయినను పోకున్నను, లోకమున జరుగు దానికి కారణమేమని యడుగగలదు. మన స్త్రీలు అట్లడుగ నేర్చినచో, మన యింటి వెలలను, మన బిడ్డల వలసలను నిర్ణయించు సభలలో మన గొంతును తప్పక వినబడును.