మిద్దెమీది చోటు

మన పట్టణాలలో నేల కరువైపోయింది. పిల్లలు పరుగెత్తడానికి జానెడు చోటు లేదు. తలయెత్తి చూస్తే మాత్రం మిద్దెలన్నీ ఖాళీ! వడియాలు ఎండే నాలుగు రోజులు పోగా, తక్కిన ఏడాదంతా ఆ చోటు నీళ్ళ తొట్టికీ, తలుపు తాళానికీ అంకితం.

హాలెండులోని రోటర్‌డాం రేవుపట్టణంవారు దీనికొక దారి చూపారు. 1940లో బాంబుదాడికి ఆ ఊరి నడిబొడ్డు నేలమట్టమయింది. తిరిగి కట్టిన భవనాలలో చాలవాటికి చదును కప్పులే. 2014లో అక్కడ ఒక దుకాణాల వరుస కప్పుమీద సుమారు 1 కిలోమీటరు పొడవున ఉద్యానవనం తెరిచారు. 2022లో నెల్లాళ్ళపాటు 600 మీటర్ల నడకదారి వేసి, మిద్దెనుండి మిద్దెకు జనాన్ని నడిపించారు.

అయితే చోటు ఉన్నంతమాత్రాన చాలదు. కప్పు ఎంత బరువు మోయగలదో ఇంజనీరు చెప్పాలి. పిట్టగోడ ఎత్తుగా ఉండాలి. దిగడానికి రెండో మెట్లదారి కావాలి. వాననీరు నిలువకూడదు. ఇవన్నీ కుదిరినా, ఇంటివారు ఒప్పుకోవాలి గదా!

చెన్నైలో గాని, బెంగుళూరులో గాని, బరంపురంలో గాని, మనవాళ్ళున్న వాడకొక మిద్దె తాళం తీసి, ఆదివారం సాయంకాలాలు పిల్లలకూ వృద్ధులకూ విడిచిపెడితే చూడాలని మా కోరిక. తాళంచెవి ఎవరివద్ద ఉండాలో, ఊడ్చే పూచీ ఎవరిదో ముందే తేల్చుకుంటే తగవు రాదు.