చడీచప్పుడు లేని కంప్యూటరు

తెరమీద కథ పతాక సన్నివేశానికి చేరుకుంది. పాత్రలు మాటలు మాని ఒకరినొకరు చూసుకుంటున్నారు. సంగీతం కూడా ఆగిపోయింది. సరిగ్గా ఆ క్షణాన టీవీ కింద అమర్చిన కంప్యూటరు గుయ్యిమని రొద చేస్తుంది. దర్శకుడు ఎంతో యోచించి సమకూర్చిన నిశ్శబ్దం ఒక చిన్న ఫాను పాలవుతుంది!

ఇంట్లోనే సినిమాహాలు అమర్చుకోదలచినవారికి ఎదురయ్యే చిక్కు ఇది. కంప్యూటరు పెట్టె చిన్నదిగా ఉండాలి, చప్పుడు చేయరాదు. విడివిడిగా రెండు కోరికలూ న్యాయమైనవే. కలిస్తే మాత్రం ఒకదానికొకటి పొసగవు.

ఇందుకు కారణం వేడి. కంప్యూటరు వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. పెట్టె చిన్నదైనకొద్దీ ఆ వేడి వెలుపలికి పోయే దారి ఇరుకవుతుంది.

2000లో ఆపిల్ సంస్థ ఈ సమస్యకు సాహసోపేతమైన సమాధానం చూపింది. ఆ సంస్థ తయారుచేసిన 'పవర్ మాక్ జి4 క్యూబ్'లో ఫానే లేదు. చల్లగాలి అడుగునుంచి ప్రవేశించి, వేడెక్కి, పైనుంచి వెళ్ళిపోయేది. వంటింటి పొగగొట్టం సూత్రమే! దాని అందాన్ని అందరూ మెచ్చుకున్నారు. ధర చూసి వెనుదిరిగారు. 2001 జూలైలో ఉత్పత్తి నిలిచిపోయింది. సూత్రం మాత్రం నిలిచింది.

ఫాను తప్పనిసరి అయినప్పుడు పెద్దదాన్ని ఎన్నుకోవడమే వివేకం. చిన్న విసనకర్రను గబగబా ఊపాలి. పెద్దదాన్ని మెల్లగా కదిపినా చాలు. ఒకే ఫాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్‌లు పడిపోతుంది.

రెండవ దోషి హార్డు డిస్కు. నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే దాని కంపనాన్ని, తీగ నాదాన్ని తంబురా కుండ పెంచినట్లు, లోహపు పెట్టె పెంచుతుంది. రబ్బరు బిళ్ళల మీద నిలిపితే కొంత ఉపశమనం. తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ వాడితే ఆ బాధే ఉండదు. సినిమాలు దాచిన పెద్ద డిస్కులను వేరే గదిలో ఉంచి, తీగద్వారా కలుపుకోవచ్చు.

అన్నింటికన్నా మేలైన ఉపాయం వేడిని పుట్టించకపోవడమే. 2023లో విడుదలైన ఇంటెల్ ఎన్100 చిప్పుకు నిర్ణయించిన ఉష్ణపరిమితి 6 వాట్లు మాత్రమే. వీడియోను విప్పి చూపడానికి అందులో ప్రత్యేక విభాగమే ఉంది. అందువల్ల నాణ్యమైన చిత్రానికి కూడా అది ఆయాసపడదు.

మన దేశంలో మరొక జాగ్రత్త అవసరం. 25 డిగ్రీల గదిలో 65 డిగ్రీలకు చేరే చిప్పు, 40 డిగ్రీల వేసవి గదిలో అదే పనికి సుమారు 80 డిగ్రీలకు చేరుతుంది. అందుచేత ఫాను లేని పెట్టెను తలుపులు మూసిన అలమరలో బంధించరాదు. చుట్టూ, ముఖ్యంగా పైన, గాలికి చోటు విడవాలి.

ఆ కాస్త చోటు విడిస్తే చాలు: కథ పతాక సన్నివేశానికి చేరి, పాత్రలు మాటలు మానినప్పుడు, గదిలోనూ నిశ్శబ్దమే ఉంటుంది.