పోటు చూసుకుని బయల్దేరండి!

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చిందంటే చాలు... తెలుగువాళ్ల ఇళ్లలో వినిపించేవి రెండే మాటలు. ఒకటి పరీక్షలు, రెండోది ఎండలు. 'ఇప్పుడు ఊళ్లు తిరగడమేంటి, వేసవి సెలవులిచ్చాక చూద్దాంలే' అని నాన్న అంటే, 'మే నెల ఎండల్లో సముద్రానికా!' అని అమ్మ కొట్టిపారేస్తుంది. ఆ ఏటికి ప్రయాణం అక్కడితో సరి.

నిజానికి చలి వెళ్లిపోయి, ఎండ ఇంకా ముదరని ఆ నాలుగైదు వారాలే... అంటే ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఉగాది దాకా... మన కోస్తా తీరం కళకళలాడే కాలం. శీతాకాలపు అతిథులుగా వచ్చిన పక్షులు ఇంకా పూర్తిగా వెళ్లిపోవు. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తుంటాయి. ముందు పెట్టిన గుడ్లలోంచి పిల్లలు బయటికి రావడమూ అప్పుడే మొదలవుతుంది. మేలో వెళ్తే మిగిలేది ఇసుక, వేడిగాలి!

పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలున్న ఇల్లయితే ఈ ఏటికి వదిలేయాల్సిందే, అందులో వాదన లేదు. చిన్న తరగతుల వాళ్లయితే మాత్రం ఓ రెండో శనివారం, ఆదివారం చాలు. వెళ్లాల్సిన చోటు కాకినాడ. హైదరాబాద్ నుంచయితే రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. చెన్నై, విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్లకు సామర్లకోట జంక్షన్ ఉండనే ఉంది. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఓ అరగంట ప్రయాణం చేస్తే కోరంగి అభయారణ్యం. గోదావరి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న మడ అడవి అది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

ఈ దారిలో తగిలే చొల్లంగి చాలామందికి తెలిసిన పేరే. పుష్య మాసపు అమావాస్యను 'చొల్లంగి అమావాస్య' అంటారు. సప్తసాగర యాత్ర చేసేవాళ్లు తొలి స్నానం ఇక్కడే చేస్తారు. కోరంగి పేరు అంతకంటే దూరం వెళ్లింది. ఒకప్పుడిది ఓడలు కట్టిన రేవు. ఇక్కణ్నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరికీ అక్కడ 'కోరంగీలు' అనే పేరు స్థిరపడిపోయింది. 1789లోనూ, 1839లోనూ తుపాను ఉప్పెనలు ఆ రేవును తుడిచిపెట్టేశాయి. 'సైక్లోన్' అనే మాటను పుట్టించిన హెన్రీ పిడ్డింగ్టన్ తన రచనల్లో కోరంగి ఉప్పెన గురించి రాశాడు. ఇప్పుడక్కడ పెద్ద ఓడలు లేవు. ఉన్నదల్లా అడవే.

పంచాంగం తీయండి

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పది గంటలకు టిఫిన్ చేసి, పదకొండింటికి కారెక్కి, పన్నెండింటికి మడ అడవికి చేరతారు. తీరా వెళ్తే కాలువలో నీళ్లుండవు. 'ఇప్పుడు పాటండీ, బోటు కదలదు' అంటారు పడవవాళ్లు. చెక్కబాట మీద ఓ చుట్టు చుట్టి, నాలుగు ఫొటోలు దిగి, 'ఏముందిక్కడ, బురద తప్ప' అనుకుంటూ వెనక్కి తిరుగుతారు. తప్పు అడవిది కాదు, గడియారానిది.

తీరంలో బతికే జీవులకు వేళ చెప్పేది చంద్రుడు. రోజుకు రెండుసార్లు సముద్రం పోటెత్తి కాలువల్లోకి ఎక్కుతుంది, రెండుసార్లు పాటుకు దిగుతుంది. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. నేడొచ్చిన పోటు రేపు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికీ అమావాస్యకీ నీరు బాగా ఎక్కి, బాగా దిగుతుంది. అష్టమి దగ్గర్లో ఎక్కీ ఎక్కనట్టు, దిగీ దిగనట్టు ఉంటుంది. వేటకెళ్లేవాళ్లు తిథి అడిగేది ఇందుకే. వసంతంలో వచ్చే రెండు పండగలూ ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. హోలీ పున్నమినాడు, ఉగాది అమావాస్య వెళ్లిన మర్నాడు. రెండూ పెద్ద పోట్ల రోజులే!

ఇక ప్రణాళిక సులువు. పడవలో అడవి లోపలికి వెళ్లాలంటే పోటు కావాలి. పక్షుల్ని చూడాలంటే పాటు కావాలి. ఎందుకంటే నీరు దిగి బురద బయటపడ్డప్పుడే వాటికి మేత. ఉదాహరణకు ఆ రోజు పోటు ఉదయం తొమ్మిదికి అనుకోండి. ఎనిమిదిన్నరకల్లా పడవ దగ్గరుండాలి. పాటు మధ్యాహ్నం మూడు దాటాక వస్తుంది కాబట్టి, ఈలోగా కాకినాడ వచ్చి భోంచేసి, ఓ కునుకు తీసి, మళ్లీ వెళ్లొచ్చు. పోటు వేళలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. బోటు షికారు ఆ రోజు ఉందో లేదో మాత్రం కోరంగిలోని అటవీశాఖ పర్యాటక కేంద్రం వాళ్లను ఒకరోజు ముందే అడగాలి. రైలు టిక్కెట్లు తీసుకునే ముందే అడిగితే ఇంకా మేలు.

బురదలో బడి

మడ అడవి చూడ్డానికి తొందర పనికిరాదు. చెక్కబాట మీద ఓ చోట ఆగి, పిల్లల్ని పది నిమిషాలు మాట్లాడకుండా నిలబెట్టగలిగితే... కష్టమే కానీ... కింద బురద కదలడం మొదలవుతుంది. ఒక డెక్క బుల్లిగా, రెండోది ఒంటికి మించిన సైజులో ఉన్న మగ పీతలు కన్నాల్లోంచి బయటికొచ్చి, ఆ పెద్ద డెక్కను రమ్మని పిలుస్తున్నట్టు ఊపుతాయి. ఆడ పీతలకు అవి పంపే కబురది. పక్కనే నీళ్లలో ఉండాల్సిన చేపలు బురద మీద గెంతుతుంటాయి. వాటి పేరు మడ్‌స్కిప్పర్లు. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ వాటికి నీటితో పని లేదు. చెట్ల చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు నేలలోంచి పైకి పొడుచుకొచ్చినవి శ్వాస వేళ్లు. సైన్సు పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టినదాన్ని వేలితో ముట్టుకుని చూడొచ్చు. ఉప్పుపొన్న కనిపిస్తే దాని కాయల్ని గమనించండి. విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడుతుంటుంది. సమయం వచ్చాక కింద బురదలో దిగబడిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఇక్కడ తిల్ల చెట్లుంటాయి. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కాబట్టి ఏ ఆకూ తుంచొద్దు, ఏ కొమ్మా విరవొద్దు అని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి.

ఈ అడవికి అసలైన యజమాని బావురుపిల్లి. మామూలు పిల్లికి రెట్టింపు ఉంటుంది, నీళ్లలోకి దూకి చేపలు పడుతుంది. 2018లో చేసిన లెక్కల్లో ఇక్కడ 115 దాకా ఉన్నట్టు అంచనా వేశారు. కానీ అది రాత్రిపూట తిరిగే జంతువు. పగటి పర్యాటకులకు కనిపించదనే అనుకుని వెళ్లాలి. కాలువ ఒడ్డున దాని అడుగులు దొరికితే అదే పెద్ద సంబరం. నీటికుక్కలు మాత్రం అదృష్టం బాగుంటే గుంపుగా తలలెత్తి, పడవను తేరిపార చూసి మునిగిపోతాయి.

పక్షులకు కొదవ లేదు. నల్లటి తల, నీలి రెక్కలు, ఎర్రటి ముక్కు ఉన్న లకుముకి పిట్ట మడ కొమ్మ మీద కూర్చుని ఉంటే ఫొటోలకు పనికొచ్చే దృశ్యమే. వంకర ముక్కుల ఉల్లంకులు బురదలో పురుగుల్ని వెతుక్కుంటుంటాయి. వీటిలో చాలావాటికి ఇవి ప్రయాణానికి ముందు రోజులు. ఉత్తరాదికి వేల కిలోమీటర్లు ఎగరడానికి కావాల్సిన కొవ్వునంతా ఈ బురదలోనే సంపాదించుకోవాలి. 'ఎగిరితే చూద్దాం' అని రాయి విసిరితే, ఆ పక్షి దాచుకున్న శక్తిని వృథా చేసినట్టే.

అర్ధరాత్రి అతిథి

కాకినాడ తీరానికి అడ్డుగోడలా ఓ ఇసుక తిన్నె ఉంది. దాని పేరు హోప్ ఐలాండ్. పొడవు పదహారు కిలోమీటర్ల దాకా ఉంటుంది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో ఏర్పడింది. సముద్రం విసురు కాకినాడ మీద నేరుగా పడకుండా కాపాడేది ఇదే. ఈ ఇసుకలోకే ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ వైపు తీరానికీ, దక్షిణాన కోనసీమ తీరానికీ కూడా వస్తాయి.

రాత్రి చీకట్లో తల్లి తాబేలు ఒడ్డుకెక్కుతుంది. వెనక కాళ్లతో కుండ ఆకారంలో గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. ఆ సమయంలో దాని కళ్ల నుంచి నీళ్లు కారుతుంటాయి. పురిటి నొప్పుల ఏడుపనుకుంటారు చాలామంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది అలా బయటికి పంపుతుందంతే. గొయ్యి పూడ్చి, మీద ఒళ్లంతా ఊపుతూ చదును చేసి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూడదు. 45 నుంచి 60 రోజులకు పిల్లలొస్తాయి. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ.

ఇది చూడాలనే కోరికే దానికి ముప్పు. ఒడ్డుకెక్కుతున్న తల్లి మీద టార్చి పడినా, జనం గుమిగూడినా గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. పిల్లలదీ అదే కథ. రాత్రి సముద్రం వైపు ఉండే లేత వెలుగే వాటికి దారి. రోడ్డు మీద దీపమో, సెల్‌ఫోను ఫ్లాషో అంతకంటే ప్రకాశంగా ఉంటే అటే నడుస్తాయి. తెల్లారేసరికి కాకులకో, కుక్కలకో, ఎండకో బలైపోతాయి. అందుకే పడవ మాట్లాడుకుని రాత్రిపూట హోప్ ఐలాండ్ వెళ్లే ఆలోచన మానుకోవాలి. ఎవరైనా 'తాబేళ్లను చూపిస్తాం' అని డబ్బులడిగితే వద్దనండి. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. గుడ్డు తీసినా నేరమే.

మరి చూసేదెలా? నక్కలు, కుక్కలు తవ్వేయకుండా అటవీశాఖ వాళ్లు గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో మళ్లీ పూడుస్తారు. పిల్లలు బయటికొచ్చాక పొద్దున్నే గానీ సాయంత్రం గానీ సముద్రంలోకి వదులుతారు. చాలాచోట్ల జనాన్ని కూడా చూడనిస్తారు. విశాఖ తీరంలోనూ ఇలాంటి కేంద్రాలున్నాయి. ఫలానా రోజని ముందే చెప్పలేరు, గుడ్డు ఎప్పుడు పగిలితే అప్పుడే. కాబట్టి ప్రయాణంలో ఓ పూట ఖాళీగా ఉంచుకోవాలి. వదిలేటప్పుడు పిల్లల్ని చేత్తో ఎత్తి నీళ్లలో పడేయకూడదు. అవే నడవాలి. పుట్టిన తీరం గుర్తు ఆ తొలి గంటల్లోనే వాటిలో ముద్ర పడుతుందని, పెద్దయ్యాక ఆ గుర్తుతోనే అదే తీరానికి తిరిగొస్తాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఇంకో సంగతీ చెప్పుకోవాలి. ఉదయాన ఉప్పాడ వైపు నడిస్తే ఒడ్డున చచ్చిపడిన పెద్ద తాబేలు కనిపించవచ్చు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చుకునే జీవి. మరబోట్లు లాగే ట్రాల్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. 2025 ఆరంభంలో కాకినాడ తీరంలో తాబేళ్ల చావులపై రాష్ట్ర ప్రభుత్వం విచారణకు కూడా ఆదేశించింది. తాబేలు తప్పించుకునేందుకు వలకు కంతతో ఓ చట్రం అమర్చుకోవాలని నిబంధనలున్నాయి. దాంతోపాటు చేపలూ పోతాయని జాలర్ల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయలేం, వాళ్లదీ పొట్టకూటి వేటే. ఇదంతా పిల్లలకు రైల్లోనే చెప్పేస్తే నయం. ఒడ్డున హఠాత్తుగా చూస్తే ఆ రోజంతా అన్నం తినరు.

సంచిలో ఏముండాలి?

ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు, టోపీ, బురదలో జారని చెప్పులు, దోమల మందు. బైనాక్యులర్ ఒక్కటున్నా చాలు, వంతులేసుకోవచ్చు. మార్చి మధ్యకే పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది కాబట్టి మంచినీళ్లు ఎక్కువే పట్టుకెళ్లాలి. ఖాళీ సీసాలు మళ్లీ సంచిలోకే రావాలి.

భోజనం సంగతికొస్తే, గోదావరి జిల్లా కదా అని పులస కోసం వెతక్కండి. అది వరద నీటితో పాటు శ్రావణంలో వచ్చే చేప. వసంతంలో 'పులసే' అని ఎవరైనా పెడితే అనుమానించాల్సిందే! పీతలు, రొయ్యలు మాత్రం దొరుకుతాయి. తిరుగు ప్రయాణంలో కాజాల పొట్లం ఎలాగూ తప్పదు. ఉప్పాడ వెళ్లాక జాందానీ చీర చూడకుండా వచ్చే ఇల్లాలుండదు కాబట్టి దానికో గంట కేటాయించండి. ఉప్పాడ తీరపు రోడ్డును మాత్రం సముద్రం తరచూ కోసేస్తుంటుంది. దారి ఉందో లేదో కాకినాడలోనే కనుక్కుని కదలండి.

కాకినాడ దూరమనుకునే దక్షిణాది జిల్లాలవాళ్లకు సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, పులికాట్ ఉన్నాయి. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని సాకుతుంటాయి. సిక్కోలు వాళ్లకయితే టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. అక్కడ ఊళ్లో చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కాపురముంటాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. రెండుచోట్లా ఏప్రిల్ దాటితే గూళ్లు ఖాళీ.

కోరంగికి మాత్రం ముందుగా తేదీ కాదు, తిథి చూడండి. ఆ తర్వాత పోటు వేళ. టిక్కెట్లు ఆఖర్న.