కాగితం కోసం పుట్టిన యంత్రం

శ్రావణమాసంలో దివిసీమలోని నాగాయలంకలో ఉప్పు జాడీ మూత తీస్తే అడుగున నీరు ఊరి ఉంటుంది. ఉప్పు చెమర్చిందంటే వాన దగ్గరలో ఉన్నట్టే అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆ మాటలో గట్టి లెక్కే ఉంది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీరు కారడం మొదలుపెడుతుంది. మెగ్నీషియం లవణాలు కలిసిన రాళ్ళ ఉప్పయితే అంతదాకా ఆగదు. ఇక పుస్తకానికి బూజు పట్టాలంటే 70 శాతం తేమ కొన్నాళ్లు నిలిస్తే చాలు. జాడీలో శుద్ధమైన ఉప్పు కూడా కరుగుతోందంటే పక్కగది బీరువాలో తాతగారి కాగితాలకు కూడా ముప్పు వచ్చిందన్నమాట.

ఈ తేమను అదుపు చేయడానికే పుట్టింది ఏసీ. మనుషులను చల్లబరచడం దానికి తర్వాత అబ్బిన పని. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని సాకెట్ అండ్ విల్హెల్మ్స్ అచ్చాపీసులో రంగుల బొమ్మలు ఒక్కో రంగుకూ ఒక్కోసారి చొప్పున అచ్చయ్యేవి. ఉక్క రోజుల్లో కాగితం తేమ పీల్చి సాగేది. నిన్న వేసిన ఎరుపు మీద ఇవాళ్టి నీలం కూర్చునేది కాదు. ఆ చిక్కు విప్పమని పాతికేళ్ల ఇంజనీరు విల్లిస్ క్యారియర్‌కు అప్పగించారు. 1902 జులై 17 తేదీతో అతను గీసిన నక్షాల లక్ష్యం ఒక్కటే: ఏడాది పొడవునా తేమ 55 శాతం దగ్గర ఆగాలి. తర్వాత అతను ఇంకా విచిత్రమైన ఉపాయం కనిపెట్టాడు. చల్లటి నీటిని గాలిలోకి తుంపరగా చిమ్మి, ఆ గాలినే పొడిగా చేశాడు! గాలి చల్లబడేకొద్దీ నీటిని మోసే శక్తి తగ్గి, మిగులు నీరు ఆ తుంపరలోనే కలిసిపోతుంది. 1906 జనవరిలో దానికి పేటెంటు వచ్చింది.

మ్యూజియాలకు ఈ యంత్రం మీద గురి కుదరడానికి రెండో ప్రపంచ యుద్ధం కూడా ఒక కారణం. బాంబులకు భయపడి లండన్ నేషనల్ గ్యాలరీ తన చిత్రాలను 1941లో వేల్స్ కొండల్లోని మానోడ్ పలకరాతి గనిలో దాచింది. రాతి లోపల గాలి ఎప్పుడూ చల్లగా, తడిగా ఉండేది. దాన్ని 17 డిగ్రీల దాకా వెచ్చబరిస్తే తేమ 58 శాతం దగ్గర నిలిచింది. చెక్క పలకల మీది రంగు పెచ్చులూడడం దాదాపు ఆగిపోయింది. అక్కడ గాలిలోంచి నీరు పిండిందేమీ లేదు, కాస్త వెచ్చబరిచారంతే. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. లోకం మాత్రం అంకెను పట్టుకుని ఉపాయాన్ని వదిలేసింది.

1978లో నేషనల్ గ్యాలరీకి చెందిన గ్యారీ థామ్సన్ మ్యూజియం వాతావరణం మీద పుస్తకం రాశాడు. 50 లేక 55 శాతం, అటూ ఇటూ 5 అన్న లెక్క దాంతో లోకమంతా పాకింది. నిజానికి ఆ 5 వస్తువులు ఓర్చుకోగల హద్దు కంటే యంత్రాలు చేయగల పనిని బట్టి వచ్చిందని ఆయనే అందులో రాశాడు. ఆ మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆ అంకెను సముద్రపు ఒడ్డున నిలబెట్టాలంటే ఏమవుతుందో చూడండి. గాలిని 14 డిగ్రీలకు దించి నీరు రాల్చాలి. అలా వదిలేస్తే గది మరీ చల్లబడుతుంది కనుక మళ్లీ వేడి చేయాలి. ఒకే గాలికి రెండుసార్లు కరెంటు! అలా ఆరబెట్టిన గాలి 21 డిగ్రీల గదిలో 64 శాతం తేమ చూపిస్తుంది, 25 డిగ్రీల గదిలో 50 శాతమే చూపిస్తుంది. నీరు అంతే, గది నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంది, అంతే తేడా. చలిదేశపు 21 డిగ్రీలను కృష్ణా డెల్టాలో పట్టుకు వేలాడడం బూజు హద్దుకు దగ్గరగా జరగడమే. ఫిల్ములకూ పాత ఫోటోలకూ చల్లదనమే రక్ష, వాటికి వేరే చిన్న గది చాలు.

పెద్ద మ్యూజియాల అధిపతుల బిజో బృందం 2015 నాటికి పట్టు సడలించింది. చాలా వస్తువులకు 40 నుంచి 60 శాతం తేమ, 16 నుంచి 25 డిగ్రీల వేడి చాలనీ, ఒక్క రోజులో అటూ ఇటూ 10 శాతానికి మించి ఎగుడుదిగుడు ఉండకపోతే చాలనీ ఒప్పుకుంది.

ఆ ఎగుడుదిగుడును ఆపడానికి మన ఇళ్లలో కరెంటు అక్కర్లేని సాధనం ఒకటుంది: బిగుతు మూత ఉన్న చెక్కపెట్టె. వంద లీటర్ల పెట్టెలో గాలి 30 డిగ్రీల వేడిలో ఎంత తడిసినా 3 గ్రాములకు మించి నీరు పట్టదు. అదే పెట్టెలో 20 కిలోల కాగితం ఉంటే, మామూలు రోజుల్లోనే దాని ఒంట్లో కిలోకు పైగా నీరు దాగి ఉంటుంది. బయట ఒకరోజు వాన పడినా లోపల కాగితమే గాలిని సర్దుతుంది. తాళపత్రాలను చెక్కల మధ్య బిగించి, గుడ్డలో చుట్టి, పెట్టెలో దాచినవాళ్లు ఈ లెక్క రాసుకోలేదు. పని మాత్రం జరిగింది. కోరమాండల్ తీరంలో 17, 18 శతాబ్దాల్లో ఓడలెక్కిన అద్దకం బట్టలు ఇవాళ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. పెడనలో పాత అచ్చు బట్ట దాచుకున్న ఇంటికి ఆ మ్యూజియం అంత యంత్రాంగం రాదు, మంచి పెట్టె వస్తుంది.

పెట్టె చాలని చోట, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో గెట్టీ సంరక్షణ సంస్థ వాళ్లు చేసింది మనకు దగ్గరగా ఉంటుంది. తేమను కొలిచే సెన్సర్లు గది లోపలి గాలినీ బయటి గాలినీ పోల్చి చూస్తాయి. బయట పొడిగా ఉంటే ఫ్యాన్లు తిరుగుతాయి. తడిగా ఉంటే ఫ్యాన్లు ఆగి, హీటర్లు గదిని కొద్దిగా వెచ్చబరుస్తాయి. మానోడ్ ఉపాయమే ఇలా వేడిదేశానికి తిరిగొచ్చింది. తుఫానుకు కరెంటు పోయిందనుకోండి, ఏసీ మీదే ఆధారపడ్డ గదిలో చల్లటి గోడలను తడిగాలి తాకి నీళ్లు కారతాయి. ఏసీ బస్సు దిగగానే కళ్లద్దాలు మసకబారినట్టే. వెచ్చబరిచిన గదికి ఆ గండం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో ఏ సంగ్రహాలయం కట్టినా మొదట అడగవలసిన ప్రశ్న, కరెంటు లేని వారం రోజులు అది ఎలా గడుపుతుందని.

మే నెల మధ్యాహ్నం పడమటి గాలి 40 డిగ్రీలతో, 25 శాతం తేమతో వీస్తే, అందులో ఉండే నీరు 30 డిగ్రీల, 80 శాతం సముద్రపు గాలిలో ఉన్న నీటిలో ఇంచుమించు సగమే. ఒళ్లు మండించే ఆ గాలి పుస్తకాల గదికి చుట్టం. అది వీస్తున్నంతసేపే కిటికీ తెరిచి, సాయంత్రం ఉప్పుగాలి తిరగ్గానే మూసేయడానికి ఒక సెన్సరు, ఒక ఫ్యాను, ఒక బిగుతైన తలుపు కావాలి.