పేరు ఒకటే.. ఫంక్షన్లు ఎన్నో!

బాసర ట్రిపుల్ ఐటీ హాస్టల్ వరండాలో నిలబడి ‘సాయీ..’ అని పిలిచి చూడండి. నాలుగు గదుల్లోంచి నలుగురు తొంగి చూస్తారు. అందుకే రిజిస్టర్‌లో పేరు పక్కన ఐడీ నంబర్ ఉంటుంది. లైనక్స్ కెర్నల్‌కూ సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. దాన్ని సరిచేసిన ప్యాచ్ కథ ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు బాగా పనికొస్తుంది.

చిక్కు ఎక్కడ?

కెర్నల్ నడుస్తుండగానే ఫలానా ఫంక్షన్ ఎప్పుడు కాల్ అవుతోందో గమనించడానికి ‘కేప్రోబ్’ వాడతారు. దాని సోర్స్ ఫైల్ తెరిస్తే, 2002లో మొదట రాసింది ఐబీఎంకు చెందిన వంశీకృష్ణ అని పైనే కనిపిస్తుంది. మన క్లాసులో వినిపించే పేరే కదా!

కేప్రోబ్‌కి ఫంక్షన్ పేరు ఇస్తే చాలు. కానీ సీ భాషలో ‘స్టాటిక్’ ఫంక్షన్ పేరు ఆ ఫైల్‌కే పరిమితం. కాబట్టి వేరే ఫైళ్లలోనూ అదే పేరు ఉండొచ్చు. ‘నేమ్_షో’ అలాంటిదే. అప్పట్లో కెర్నల్ మొదట దొరికినదానికి ప్రోబ్ తగిలించేసేది. ఎర్రర్ రాదు, అంకెలు మాత్రం వస్తాయి. అవి మీరు అడిగిన ఫంక్షన్‌వి కాకపోవచ్చు! సర్వర్ ఎందుకు నెమ్మదించిందో వెతికే ఇంజినీర్ రాత్రంతా తప్పు దారిలో తిరగాల్సిందే.

సరిచేస్తే మరో చిక్కు

2023 అక్టోబరులో ఫ్రాన్సిస్ లానియెల్ ప్యాచ్ కెర్నల్‌లో చేరింది. అది ముందుగా ఆ పేరుతో ఎన్ని సింబల్స్ ఉన్నాయో లెక్కపెడుతుంది. ఒకటికి మించితే ప్రోబ్ పెట్టకుండా ఎర్రర్ ఇస్తుంది.

నేనూ ఆ కోడ్ చదివి ‘బాగుంది’ అనుకున్నా. కానీ ఆ లెక్కలో ప్రధాన కెర్నల్ మాత్రమే ఉంది, మాడ్యూళ్లు లేవు! దాంతో మాడ్యూల్‌లోని ఫంక్షన్‌కి లెక్క సున్నా వచ్చి, అసలు ప్రోబే పెట్టనివ్వలేదు. కొద్ది రోజుల్లోనే ఆండ్రీ నక్రైకో మాడ్యూళ్లనూ లెక్కలో కలిపి సరిదిద్దారు.

నేను చేసిన తప్పు ఒక్కటే. రాసి ఉన్న లైన్లను చదివాను, రాయకుండా వదిలేసిన కేసు గురించి ఆలోచించలేదు. రివ్యూ అంటే ఆ రెండోదే.

మీరేం చేయొచ్చు?

* ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టి కెర్నల్ బిల్డ్ చేయండి. పాడైనా మీ ఫైళ్లకు ఢోకా ఉండదు.
* ‘కాల్‌సిమ్స్’ జాబితాలో రెండుసార్లు వచ్చే పేర్లు వెతకండి.
* ప్యాచ్‌ను మూడు రకాలుగా పరీక్షించండి: పేరు అసలు లేకపోతే, ఒక్కటే ఉంటే, చాలా ఉంటే. ఈ మూడింటినీ మాడ్యూళ్లలోనూ చూడండి.
* నిజంగా నడిపి, సరిగ్గా పనిచేస్తేనే ‘టెస్టెడ్ బై’ అని పేరు ఇవ్వండి. ‘రివ్యూడ్ బై’ అంటే లోతుగా పరిశీలించానని మాట ఇచ్చినట్టు. తొందరపడొద్దు.

దీంతో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పను. కానీ ఇంటర్వ్యూలో ‘ఏ ప్రాజెక్ట్ చేశావ్?’ అన్నప్పుడు, ‘ఈ ప్యాచ్‌లో ఈ కేసు మిస్సయింది, ఇలా పట్టుకున్నా’ అని చెప్పగలిగితే, తర్వాతి ప్రశ్న మీకు తెలిసిన చోటు నుంచే వస్తుంది.