శిథిలాలు చూడబోయినవాళ్లకు కనబడని ఊళ్లు

మెక్సికోలో చిచెన్ ఇట్సా, గ్వాటెమాలాలో టికాల్ చూసొచ్చినవాళ్ల రాతల్లో ఒక మాట పదేపదే కనబడుతుంది: ‘అంతరించిన మాయా నాగరికత’. మాయా జనం అంతరించలేదు. లక్షల మంది ఇవాళ్టికీ తమ భాషలు మాట్లాడుకుంటూ, మొక్కజొన్న పండించుకుంటూ బతుకుతున్నరు. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగోబెర్తా మెంచూ ఆ జనం మనిషే. పిరమిడ్ ముందర నేసిన బట్టలు అమ్ముకునే ఆడమనిషికీ ఆ పిరమిడ్‌కూ సంబంధం ఉందని టూరిస్టుకు తోచదు. రాయి గొప్పది, మనిషి బీదది. అందుకని రాయిని కట్టినోళ్లు వేరే ఎవరో అయి ఉంటరని నమ్ముతడు.

ఈ చూపు అక్కడిదే కాదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే బస్సు మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి ఎక్కంగనే మనవాళ్ల కండ్లలో కూడా ఇదే చూపు. ప్రతాపరుద్రుని కోట అని చేయి చూపిస్తరు. ఫరహాబాద్‌లో నిజాం వేటకు వచ్చేవాడని చెప్తరు. ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం చూసుకుంటరు. చెంచు మనిషి కనబడితే ఫోటో తీసుకుంటరు. కోట ఎవరిదని అడిగేటోళ్లు ఉన్నరు గాని, అడవి ఎవరిదని అడిగేటోళ్లు తక్కువ. 1940లో హైమెన్‌డార్ఫ్ ఈ పెంటల్లో ఉండి చెంచుల మీద 1943లో పుస్తకం అచ్చేసిండు. సలేశ్వరం లోయలో లింగమయ్యకు చైత్ర పౌర్ణమి నాడు పూజ చేసేది ఇప్పటికీ చెంచులే. అదే అడవి ఇప్పుడు టైగర్ రిజర్వ్. కోర్ ప్రాంతం విడిచిపోయే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ అంటున్నరు. టూరిస్టుకు సఫారీ, చెంచుకు ప్యాకేజీ.

అయితే రాయికీ మనిషికీ ఇచ్చే విలువలో తేడా ఎంతో తెలియాలంటే అమ్రాబాద్ గుట్టల మీంచి కృష్ణ ఒడ్డుకు దిగాలె. శ్రీశైలం డ్యాముకు 1963లో శంకుస్థాపన జరిగింది. పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగినయి. లక్షమంది దాకా నిర్వాసితులైండ్రు. 1981 వేసవిలో, వానలకు ముందు, ప్రభుత్వం ఊళ్లమీదికి బలగాలను దింపి ఇండ్లు కూలగొట్టింది. దానికి పెట్టుకున్న పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’.

మరి గుళ్లకేమైంది? తుంగభద్ర కృష్ణలో కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం చాళుక్యుల కాలపుది. దాని రాళ్లను విప్పి, అలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టిండ్రు. పాపనాశి గుళ్లను కూడ అట్లనే తరలించిండ్రు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ, సోమశిల గుడినీ ఎత్తుకొచ్చి పైన కట్టిండ్రు. ఈ పని పద్ధతి చూడదగ్గది. ముందుగా గుడి పటం గీస్తరు, ఒక్కొక్క రాయికి నంబరు వేస్తరు, పైనుంచి కిందికి విప్పుతరు, కొత్త చోట కిందినుంచి పైకి అదే వరుసలో పేరుస్తరు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేనో తప్పిపోగూడదు.

మనుషుల విషయంలో ఈ జాగ్రత్త లేదు. ఎవరి పక్కన ఎవరుండేదో రాసుకున్న పటం లేదు. పరిహారం పట్టా ఉన్న భూమికీ, ఇంటికీ లెక్కగట్టిండ్రు. కూలి మీద, ఏటి ఒడ్డు మీద బతికిన మాల మాదిగలకు పట్టా ఏది? మట్టిగోడకు, బోదకప్పుకు ఎంత వస్తది? చట్టం కూడా అట్లనే ఉండె. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం వందేండ్లు నిలిచిన కట్టడాన్ని కాపాడమన్నది. రాతితో కట్టుకునే స్తోమతు ఎవరికుండెనో వాళ్ల గతమే వారసత్వం అవుతది. మాదిగవాడలో వేపచెట్టు కింది పోచమ్మకు నంబరు వేసినవాడు లేడు. తరతరాలుగా తాము గడప దాటలేని గుడి భద్రంగా గట్టెక్కితే, తమ వాడ నీళ్లలోకి పోయింది. గుడిని కాపాడింది తప్పని ఎవరూ అనరు. అదే చేతులు వాడకు రాలేదనేదే ఇక్కడ గొడవ.

1986లో జీవో 98 వచ్చింది, మునిగిన కుటుంబానికి ఒక ఉద్యోగమని. కొల్లాపూర్, అలంపూర్, వనపర్తి వైపు ‘98 జీవో నిర్వాసితులు’ అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు, ధర్నాలు అన్ని జరిగినయి గనక. భూమి పోయినోళ్లు ఎందరో పాలమూరు లేబరై ఇంకెక్కడో ఇంకో డ్యాము కట్టడానికి పోయిండ్రు.

మాయా దేశంలోనూ ఇదే కాలంలో ఇట్లాంటిదే జరిగింది, ఇంకా ఘోరంగా. గ్వాటెమాలాలో చిషోయ్ డ్యాము కింద మునగబోయే రియో నెగ్రో ఊరి మాయా అచీ జనం కదలమన్నరు. 1982 మార్చి 13న ఆ ఊరి 70 మంది స్త్రీలను, 107 మంది పిల్లలను చంపేసిండ్రు. ఆ దేశ ప్రభుత్వం పరిహారానికి ఒప్పుకున్నది 2014లో. టికాల్ గోపురాలు చూసే యాత్రికుని దారిలో ఆ ఊరు తగలదు.

సోమశిల దగ్గర వేసవిలో నీళ్లు తగ్గితే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతది. జనం పడవలెక్కి చూడపోతరు. నీళ్లు తగ్గిన మేర బురదలో ఇండ్ల పునాదులు కూడా తేలుతయి. అవి చూపించడానికి గైడు లేడు. నిర్వాసిత కుటుంబాల ముసలోళ్లు మాత్రం ఇది మా వాకిలి, అది బావి అని చెప్పగలరు. అడిగితే.