పెరటి వంటింటికి బయటి పూత

ఇంటిలోని వంటగది గోడలనుగూర్చి మనము ఎంతయో ఆలోచింతుము. పెరటిలో ఇటుకలతో కట్టించుకొను పొయ్యింటి విషయమున మాత్రము మేస్త్రి చెప్పినదే వేదముగా నడచుచున్నది. బోనాల నాటి అన్నపు గుండిగయు, పండుగ నాటి బూరెల బాణలియు, చుట్టములు దిగినప్పటి పెద్ద వంటయు అచ్చటనే. లోపలి గోడకు లేని చిక్కు దానికి కలదు. ఒకవైపున నిప్పు, మఱియొకవైపున వాన.

మాది నాచారము. మా వారు ఉపాధ్యాయులు. జీతములో నెలనెలయు కొంత మిగిల్చి పెరటిలో అట్టి పొయ్యిల్లొకటి కట్టించుకొంటిమి. కట్టిన మేస్త్రి గట్టిదనమునకని సిమెంటు పాలు హెచ్చుగా కలిపి మందముగా గిలాబు చేసి, దానిపై మెఱయు నూనెరంగు వేసెను. చూచినవారందఱును మెచ్చుకొనిరి. తొలి వానకాలము గడచునప్పటికి రంగు బుడగలు లేచినది. మఱుసటి వేసవిలో పొయ్యి వెనుకవైపున జానెడు పగులు తీసినది. మా అత్తగారు గోడపై చేయి వేసి, "గోడకు ఊపిరి ఆడుట లేదు బిడ్డా" అనిరి. అప్పుడు నాకు నవ్వు వచ్చినది. తరువాత విచారింపగా ఆమె మాటయే నిజమని తేలినది.

ఇటుక నేలలోని తేమను పైకి పీల్చును. ఆ తేమ గోడ ముఖమునుండియే ఆఱిపోవలెను. నూనెరంగు ఆ దారి మూసివేయును. లోన చిక్కిన నీరును, దానితో వచ్చిన ఉప్పును పొరను బయటికి త్రోయును. ఇక సిమెంటు హెచ్చైన గిలాబు ఆఱునప్పుడు ముడుచుకొనును. పొయ్యి వేడికి ఇటుక పెరిగినపుడు దానితో కూడ సాగదు. పగులక యేమి చేయును?

ఈసారి చెడినచో మరల చేయించుటకు మాయొద్ద రూకలు లేవు. కావున తొందరపడక ఇరుగుపొరుగు ఇండ్లు చూచి వచ్చితిమి. ఉప్పలులో ఒక ఇంట నల్లని గ్రానైటు పలకలు అద్దమువలె అతికించిరి. మన హైదరాబాదు గుట్టల గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఆ రాతిని తక్కువ చేయుటకు నేనెవ్వతెను? కాని గుట్ట వేఱు, జిగురుతో అతికిన పలుచని పలక వేఱు. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ నల్లని గోడపై చేయి పెట్టలేకపోతిని. మంట నేరుగా తగులుచోట గ్రానైటు చిట్లును కూడ. అయినను గట్టు పైభాగమునకు దానిని మించినది లేదు. అచ్చట తాండూరు బండయో షాబాదు బండయో పఱచుద మనుకొనువారు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. అవి సున్నపురాళ్లు. నిమ్మరసము, చింతపండు పులుసు పడినచోటెల్ల మెఱుగు తిని మచ్చలు వేయును. నడచు నేలకు అవి చక్కగా నుండును.

వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపమను ప్రకరణ మొకటి కలదు. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూవులు మొదలగువానిని కాచి, దేవాలయములకును గోడలకును బావులకును పూయు లేపము చేయు విధమందు చెప్పబడినది. మా మేస్త్రికి చదివి వినిపించితిని గాని, ఆతడు బూరుగుపూవుల ధర యడిగి ఊరకుండెను.

నా మనస్సును నిలిపినది మన పట్టణమే. 1591లో కట్టిన చార్మినారు సున్నపు పనియే. గోలకొండ చెంత కుతుబ్ షాహీ సమాధులను 2013 మొదలు ఆగా ఖాన్ సాంస్కృతిక ధర్మసంస్థవారు బాగుచేయించినపుడు, ఇరువదవ శతాబ్దమున పూసిన సిమెంటు పొరలను ఒలిపించి, మరల సున్నపు గచ్చే పూయించిరి. రాజుల కట్టడములకు గిట్టని సిమెంటు నా పొయ్యింటికి ఏల?

కార్తీకమున, వానలు వెనుకబడి ఎండ తీక్ష్ణత తగ్గిన పిమ్మట పని మొదలుపెట్టితిమి. పాత గిలాబు ఇటుక కనబడువఱకు చెక్కించితిమి. మంట తగులు గూటిలో కొలిమిపనికి వాడు ఫైరు ఇటుకలు పేర్పించి, వానికిని బయటి గోడకును నడుమ వ్రేలెడు సందు విడిపించితిమి. పూత యేదైనను ఈ సందు లేనిచో నిలువదు. తరువాత నానబెట్టిన సున్నము ఒక పాలు, ఇసుకయు మెత్తని ఇటుకపొడియు కలిపి మూడు పాళ్లు. ఇటుకపొడి చేరిన సున్నము తడిలోను గట్టిపడును. ఒక్కసారి మందముగా గాక, పలుచగా రెండు పొరలు వేయించి, గోనెపట్టాలు కప్పి దినమునకు రెండు మూడు మార్లు నీరు చిలుకరించితిమి. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మరల రాయి యగును. కావున నెల దినములు పొయ్యి ముట్టింపలేదు.

సున్నపురాయి విఱుచునప్పుడు పిల్లలను దూరముగా నుంచుడు. నీరు పడగానే అది కుతకుత ఉడుకును. చుక్క కంటబడిన చూపునకే ముప్పు. మా పెద్దవాడు తొంగిచూడబోగా నేను కేకలు వేసితిని. పనివాని కండ్లకు అద్దములు లేకుండ ఆ పని ఆరంభింపనీయకుడు.

సున్నపు పని తెలిసిన మేస్త్రి దొరకుట నేడు కష్టము. దొరకనివారు సిమెంటు ఒక పాలు, సున్నమొక పాలు, ఇసుక ఆఱు పాళ్లు కలిపించుకొనవచ్చును. నాకు అది రెండవ ఎన్నిక. అయినను ఉత్త సిమెంటుకంటె మేలు. పైన మాత్రము నూనెరంగు వలదు, వెల్లయే చాలును. గోడ నెత్తిన జానెడు చూరు ముందునకు వచ్చునట్లు చూచుకొనుడు.

రెండు వానకాలములు గడచినవి. పగులు లేదు. పులుసు చింది గట్టు క్రింద నొకచోట గచ్చు గరుకు తేలినది. అది నా అజాగ్రత్త. సంక్రాంతికి ముందు వెల్ల వేయుపని అత్తగారు ఎవ్వరికిని ఈయక తామే కుంచె పట్టుదురు. పొయ్యి నోటిపైనున్న మసిమచ్చను మాత్రము కప్పనీయరు. ఎన్ని వంటలైనవో లెక్క దానివలననే తెలియునట.